దిండు మీది గుండుసూదులు

రాసుకో అమ్మడూ. పన్నెండేళ్ళ నుంచి ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగుడు పడదు, బయటికీ రాదు. మీ అమ్మకి చెప్పలేను, నేను చాలా మంచిదాన్నని అనుకుంటుంది. నీ ఆదివారం తెలుగు క్లాసు ఇలాగైనా పనికి రానీ.

నా గదిలో దుప్పటి కప్పి గోడకి ఆనించిన ఆ పొడుగాటిదేంటని అడిగావు కదా. గడ్డి కుక్కిన దిండు అది. మనం మౌంట్ ఆల్బర్ట్ పేటలో ఉన్నప్పుడు మన పక్కింటి కార్మెన్‌ది. నువ్వప్పుడు చంటిపిల్లవి. ఆమెది మాల్టా ద్వీపం. అక్కడ ఇళ్ళన్నీ తేనెరంగు రాళ్ళతో కడతారట. వీధి మీదికి చెక్కపెట్టెల్లా బాల్కనీలు. ఆడవాళ్ళు గుమ్మాల ముందు దిండ్లు పెట్టుకుని, అదే తేనెరంగు పట్టుదారంతో లేసు అల్లేవారట. ఎన్ని తరాలుగానో! అది వింటుంటే నాకు మా నర్సాపురం అరుగులే కళ్ళ ముందు కదిలేవి. మేమూ అలాగే కూర్చుని అల్లేవాళ్ళం కదా, కొక్కెం సూది పట్టుకుని, లోకంలోని కబుర్లన్నీ చెప్పుకుంటూ.

"అమ్మమ్మా, కొంచెం స్లో. చెయ్యి నొప్పెడుతోంది."

నొప్పెట్టనీ. నాకు పన్నెండేళ్ళుగా నొప్పే.

కార్మెన్ దిండు మీద గుండుసూదులు గుచ్చి, వాటి చుట్టూ దారం చుట్టిన చిన్న చిన్న చెక్క కండెలు తిప్పుతూ అల్లేది. ఎనిమిది కొనల శిలువ, దాని చుట్టూ గోధుమగింజల్లాంటి ఆకులు. తన మనవరాలి పెళ్ళిముసుగుకి అంచు అది. ఆ ఆకు ఎలా వస్తోందో నాకు అంతుపట్టలేదు. లేసులో నాకు తెలియనిదొకటి ఉంటుందా అనుకున్నాను. అదే నా రోగం.

ఆమె వారం రోజులు ఊరికి ఆ చివర బోటనీ డౌన్స్‌లో కూతురింటికి వెళుతూ, మొక్కలకి నీళ్ళు పొయ్యమని తాళం నాకిచ్చింది. పోశాను. తర్వాత ఆ ఆకు గుట్టు చూద్దామని దిండు ముందు కూర్చున్నాను. మా లేసులో తప్పొస్తే దారం లాగితే చాలు, విడిపోతుంది, మళ్ళీ అల్లుకోవచ్చు. ఇదీ అంతే అనుకుని సూదులు ఒక్కొక్కటే తీశాను. ఒక దారం లాగాను. ఆకు ముడుచుకుపోయింది. సర్దబోతే పక్కదీ పోయింది. కండెలన్నీ చిక్కుపడ్డాయి. భయమేసి లేచి వచ్చేశాను.

తిరిగొచ్చాక ఆమె నన్ను పిలిచి చూపించింది. తన ఇంగ్లీషులో మెల్లగా అంది:

"సూదులు నేనే తీసేసి ఉంటాను, డియర్. గుర్తులేదు. మా అమ్మకీ మతిమరుపు ఇలాగే మొదలైంది."

నేనేమన్నానో తెలుసా?

"పోనీలే కార్మెన్. వయసొచ్చింది కదా మనకి."

ఎందుకలా అన్నాను? భయమా, ఆమె నాకంటే గొప్ప పనిమంతురాలని కుళ్ళా? నన్ను నేనే ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నా రెండూ అనే తేలుతోంది.

ఆమె మళ్ళీ కండె ముట్టుకోలేదు. ఆ పెళ్ళిముసుగుకి అంచు నేనే అల్లాను, మా నర్సాపురం లేసు. అందరూ మెచ్చుకున్నారు. కార్మెన్ నా చేతులు పట్టుకుని ముద్దుపెట్టుకుంది. ఆ చేతులే తల్లీ. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు కదా?

కిందటి నెల ఆమె పోయింది. కూతురు దిండు తెచ్చి, "లేసు తెలిసింది మీకే ఆంటీ, మీ దగ్గరే ఉండాలి" అని ఇచ్చి వెళ్ళింది. ఆవిడకీ చెప్పలేకపోయాను. కండెలు ఇంకా అలాగే చిక్కుపడి ఉన్నాయి. విప్పడం నాకు రాదు.

రాయడం ఆపకు. ఈ ఒక్క ముక్కా పెద్ద అక్షరాలతో రాయి. కార్మెన్ ఏదీ మరచిపోలేదు. సూదులు తీసింది నేను.