రామాంజులుకు కనబడని మనుషులు

మా రామాంజులుకు ఫోటోలో మనుషులు కనబడరు. బండ్లు మాత్రమే కనబడతాయి. కళ్ళకేమీ జబ్బు లేదు. దోహా ఎండలో ఎదురుగా వచ్చే కారుకు ఏ టైరులో గాలి తగ్గిందో దూరం నుంచే చెప్పగలడు. ఫోటో చేతికిస్తే మాత్రం, అందులో పెళ్ళికూతురున్నా మంత్రిగారున్నా, వాడి చూపు వాళ్ళ భుజాల మీదుగా దాటిపోయి వెనకనున్న చక్రం మీద వాలుతుంది.

మా కూతురి నిఖా ఫోటో ఒకసారి మురిపెంగా చూపించాను.

"ఈ తెల్ల అంబాసిడర్ ఎవురిది అత్తా? బంపర్ వంకర పోయిండాది."

"ముందర నా కూతురు కూర్చోనుండాది గదరా."

"యాడ?"

ఒకసారి నాకు దగ్గు పట్టుకుంటే డాక్టరు ఛాతీకి ఎక్స్‌రే తీయించాడు. రామాంజులు దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి, అటూ ఇటూ తిప్పి, "ఛాసిస్ గట్టిగానే ఉండాది" అన్నాడు. డాక్టరు మలయాళీ కాబట్టి బతికిపోయాడు.

వాడి పెళ్ళి కథ ఇంకా ఘోరం. సంబంధం వాళ్ళు నాగలక్ష్మి ఫోటో పంపారు. ఆ పిల్ల పక్కన వాళ్ళ నాన్న మోపెడ్ ఉంది. ఫోటో చూసి, బాగుందని కబురు చేశాడు. పెళ్ళయిన మర్నాడు మామగారిని అడిగిన మొదటి మాట, "ఆ మోపెడ్ యాడ పెట్టినావు మామా?" నాగలక్ష్మి ఇప్పటికీ నాకు ఫోన్ చేసి మొరపెట్టుకుంటుంది. "ఈయప్ప నన్ను జూసి చేసుకోల్యా బీబమ్మా, బండిని జూసి చేసుకున్యాడు."

నా సంగతీ చెప్పాలి కదా. నా పేరు ఖాసింబీ, మాది రాయచోటి. మూడో తరగతితో బడికి సలాం కొట్టాను. బడి కూడా పెద్దగా బాధపడినట్టు లేదు. దోహా పక్కన ఉమ్ సలాల్‌లో ఒక పెద్ద విల్లాలో నేనూ, రామాంజులూ పనిచేస్తున్నాం. అక్కడ వంట నాది, కార్లు రామాంజులువి, నోరు మళ్ళీ నాది. ఇంటి పెద్దాయనను అందరం బాబా అంటాం. ఆయన కూతురు మరియం. ఆ పిల్లకు సగం అరబ్బీలో, సగం ఉర్దూలో మాట్లాడడం నా దగ్గరే అలవాటైంది. ఇంట్లో పనివాళ్ళం ఎందరమున్నా అన్నం నా గరిటెకు దిగాల్సిందే, అందుకని అందరూ నాకు భయపడతారు. భయమో, ఆకలో ఎప్పుడూ విచారించలేదు.

ఊళ్ళో ఉన్న మా మనవరాలు ఫర్హాకు మాత్రం నేను వంటమనిషినని తెలియదు. "నాని ఖతర్‌లో పెద్ద ఇల్లు చూసుకుంటుంది, అక్కడ కారుంది, డ్రైవరున్నాడు" అని చెప్పి పెట్టాను. ఇందులో అబద్ధం ఎక్కడుంది? ఇల్లు పెద్దదే. కారుంది. డ్రైవరూ ఉన్నాడు. ఎవరివని పిల్ల అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ గొప్ప నిలబెట్టుకోవడానికి ప్రతి శుక్రవారం మంచి చీర కట్టుకుని, బాబా లాండ్ క్రూజర్ పక్కన నిలబడి, దాని మీద చెయ్యి వేసి ఫోటో దిగేదాన్ని. తీసేది రామాంజులు. ఇక చెప్పేదేముంది? బండి నంబర్ ప్లేటుతో సహా వచ్చేది. నాది ఒక వారం చెవి, ఒక వారం మోచెయ్యి. ఒక ఫోటోలో అయితే నా కొంగు ఒక్కటే సైడు అద్దానికి వేలాడుతూ ఉంది, ఎవరో కారు తుడిచి మరిచిపోయిన గుడ్డలాగా.

"నేను యాడున్నానురా ఇందులో?"

"ఉండావు గదత్తా. డోర్ హ్యాండిల్ పక్కన."

"అది నా ముక్కురా."

"బాగా వచ్చింది ముక్కు."

ఇలాంటివాడికి తగ్గ ఇల్లే దొరికింది. బాబాకు పాత యుద్ధపు ఫోటోల పిచ్చి. ఎప్పటిదో పెద్ద యుద్ధంలో జర్మనీ సైనికులు తమ సొంత కెమెరాలతో తీసుకున్నవి. అరచేతిలో ఇమిడేంత ఫోటోలు, అంచులు బిస్కెట్‌లాగా వంకీలు. సైన్యపు లారీలు, టాంకులు, పక్కన తొట్టి తగిలించిన మోటార్ సైకిళ్ళు ఉన్నవే ఏరి కొంటాడు. ఆ మధ్య మరియం వాటిని చట్రాలు కట్టించి, అతిథులు కూర్చునే మజ్లిస్ గోడలకు పెడదామనుకుంది. ఒక శుక్రవారం మధ్యాహ్నం బాబా స్నేహితులు భోజనానికి వస్తున్నారు, అప్పటికి సిద్ధం కావాలి. ఫోటోలు వేరు చెయ్యడానికి మమ్మల్నిద్దరినీ తివాచీ మీద కూర్చోబెట్టింది. నా పసుపు వేళ్ళు చూసి, అంచులు మాత్రమే పట్టుకోమంది.

రామాంజులుకు పండగే. ముందు లారీ చక్రాలు, వెనక టాంకుకున్నట్టు ఇనుప పట్టాలు ఉన్న బండి ఒకటి వచ్చింది. మొదలుపెట్టినవాడు ఒకడు, ముగించినవాడు ఇంకొకడు అన్నట్టుంది. వాడు దాన్ని కన్నబిడ్డను చూసినట్టు చూశాడు. ఇంకో దాంట్లో లారీ ఇరుసు దాకా బురదలో కూరుకుపోయింది.

"అయ్యో, క్లచ్ కాలిపోతాది" అన్నాడు.

"అంతమంది తోస్తాండారు, కాలదులే."

"ఎవురు తోస్తాండారు?"

నేను మాత్రం మనుషులనే చూశాను. ప్రతివాడూ బండి మీద చెయ్యి వేసి, తన సొంతమన్నట్టు నిలబడ్డాడు. "ఈ రోడ్లు వీళ్ళ దేశానివేనా?" అని మరియంను అడిగాను.

"కాదు. వేరేవాళ్ళ దేశం మీదికి పోయి తీసుకున్నవి."

"ఊళ్ళు నాశనం చెయ్యను పోతా నవ్వుతాండారే వెధవలు."

"అందుకే గోడకు పెడుతున్నా. బాబా బండ్లు చూస్తారు. వచ్చినవాళ్ళయినా మొహాలు చూడాలి కదా."

అది విని నాలుగు తిట్లు తిట్టాను. తిడుతూనే, బండి మీద చెయ్యి వేసిన ఆ తీరు ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను. నా శుక్రవారం ఫోటోలు గుర్తొచ్చాయి. ఆ పోలిక నాకేం నచ్చలేదు. ఫోటోను దొంతి అడుగుకు తోసేశాను.

తరువాత వచ్చిందే నా పరువు తీసిన ఫోటో. రెండు పెద్ద చక్రాల మీద నల్లటి ఇనుప పీపా, పైకి లేచిన గొట్టం. నేను గొంతు సవరించుకుని, "ఇది ఫిరంగి" అని తీర్పు చెప్పి ఫిరంగుల దొంతిలో పెట్టాను.

మరియం దాన్ని తీసి చూసి నవ్వు బిగబట్టింది. "ఖాసింబీ, ఫిరంగి ముందు ఎవరైనా పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడతారా?"

చూస్తే నిజమే. పళ్ళేలు పట్టుకున్న సైనికులు. ఆ పీపా అన్నం వండే పాత్ర, గొట్టం పొగ పోవడానికి. సైన్యంతో పాటు లాక్కుపోయే పొయ్యి. తలనెరిసేదాకా పొయ్యి ముందే నిలబడిన మనిషిని, పొయ్యిని పట్టుకుని ఫిరంగి అన్నాను.

"అత్త తప్పు గాదు మేడమ్" అన్నాడు రామాంజులు. "చక్రాలు ఫిరంగి చక్రాలే."

వెనకేసుకొచ్చాడనుకున్నాను. మర్నాటి నుంచీ భోజనానికి వచ్చినప్పుడల్లా, "ఫిరంగి పేలిందా అత్తా?" అని మొదలుపెట్టాడు. ఆ మాట తోటమాలి నోటికీ, కాపలావాడి నోటికీ ఎక్కింది. వాళ్ళకు తెలుగు రాదు, ఈ ముక్క మాత్రం చక్కగా నేర్చుకున్నారు.

అప్పుడే నా నెత్తిన అసలు పిడుగు పడింది. ఇక్కడే మెసయీద్‌లో ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేసే మా అల్లుడు పెళ్ళాన్నీ పిల్లనూ విజిట్ వీసా మీద పిలిపించాడు. ఫర్హా దిగిన రోజే ఫోన్ చేసింది. "నానీ, శుక్రవారం నీ ఇంటికొస్తా. నీ కారు ఎక్కుతా."

శుక్రవారం. బాబా స్నేహితులొచ్చే శుక్రవారం. నేను ఏప్రన్ కట్టుకుని, చెమటలు కారుస్తూ, గొర్రె మాంసం అన్నం కలుపుతూ ఉండే శుక్రవారం. నేనే మెసయీద్ వస్తానన్నాను. మరియం విని, "నిన్ను పంపిస్తే వండేదెవరు? వాళ్ళనే రమ్మను, పిల్లను నేనూ చూస్తా, మాఫీ ముష్కిల్, కష్టమేం లేదు" అంది. ముష్కిల్ అంతా నాది, ఆమెకు మాఫీ.

ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. నన్ను చూస్తే పిల్ల ఏమనుకుంటుంది? పనిమనిషినని కాదు, పెద్దమనిషినని చెప్పి మోసం చేసిందనుకుంటే? చివరికి మనసు చంపుకుని రామాంజులుకు చెప్పాను.

"వాళ్ళను ముషైరిబ్ మెట్రో కాడి నుంచి నువ్వే గదా తెచ్చేది. నేరుగా వంటింటికి తేవద్దు. కొంచెం అటూ ఇటూ తిప్పు. నేను చీర మార్చుకోవాల."

"పిల్లకు బండి నచ్చుతాదంటావా అత్తా?"

గోడకు చెప్పుకున్నా కొంత నయం.

శుక్రవారం వచ్చింది. గేటు చప్పుడు వినగానే ఏప్రన్ ముడి మీద చెయ్యి వేశాను. సరిగ్గా అప్పుడే అన్నం అడుగంటే వాసన వచ్చింది. చీరా, అన్నమా? గొప్ప మనిషిని కాబట్టి చీరకే పోవాలి. కాళ్ళు మాత్రం పొయ్యి దగ్గరికి పోయాయి. మంట తగ్గించి, కలిపి, మూత పెట్టేసరికి నా మొహం కూడా సగం ఉడికింది. ఎవరూ వంటింట్లోకి రాలేదు. ఎటుపోయారో చూద్దామని గరిటె చేత్తోనే నడవాలోకి వచ్చాను.

మజ్లిస్‌లోంచి రామాంజులు గొంతు వినిపించింది. మా కూతురూ, ఫర్హా గోడ ముందు నిలబడి ఉన్నారు. అతిథులింకా నమాజు నుంచి రాలేదు.

"ఈ టాంకు చూడు పాపా. ఇంత ఇనుము. ఇది నడవాలంటే ఏం కావాల?"

"డీజిల్."

"లోపలుండేవాడికి?"

పిల్ల ఆలోచించింది. "అన్నం."

"ఆఁ. ఇప్పుడు ఈ పటం చూడు. అందరూ పళ్ళేలు పట్టుకోని ఎవురి ముందర నిలబడినారు? టోపీ పెట్టుకున్న ఆఫీసరు గూడా వరసలోనే ఉండాడు. ఎవురి ముందర?"

"ఈ గరిటె పట్టుకున్నాయన ముందర."

"ఆయన గరిటె దింపితే ఒక్క బండి కదలదు. వీళ్ళు పోయింది పాడుపనికి, అది వేరే మాట. ఈ ఇంట్లో ఆ గరిటె మీ నానిది. నేను, తోటమాలి, కాపలాయన, బాబా గూడా, అందరం మీ నాని ముందర పళ్ళెం పట్టేవాళ్ళమే."

నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. ఆ ఫోటోను నేను చేత్తో పట్టుకుని చూశాను, ఫిరంగి అని తీర్పు కూడా చెప్పాను. తరువాత పళ్ళేలు చూశాను. పొయ్యి పక్కన గరిటె పట్టుకున్న మనిషిని మాత్రం చూడలేదు. ఫోటోలో మనుషులే కనబడనివాడు చూశాడు.

ఫర్హా వెనక్కి తిరిగింది. ఏప్రన్, చెమట, మసి, చేతిలో గరిటె. దాచుకోవడానికి తలుపు సన్నం, నేను లావు. పిల్ల పటాన్ని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ పటాన్ని చూసింది.

"నానీ, నీ గరిటే పెద్దది."

నవ్వాలో ఏడవాలో తెలియక ముక్కు చీదుకున్నాను. "కారు నాది గాదు బంగారూ. బాబాది. ఈ డ్రైవరూ ఆయనోడే."

"తెలుసు. అమ్మ ఎప్పుడో చెప్పింది." పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "నీకు ఫిరంగి ఉందంట గదా, చూపించు."

అంటే నేను ఇన్నాళ్ళూ బండి మీద చెయ్యి వేసి నిలబడింది ఎవరి కోసమో. మా కూతురు చూపు తిప్పుకుని గోడమీద మోటార్ సైకిల్‌ను శ్రద్ధగా చూడసాగింది.

అతిథులు తిని వెళ్ళాక, బండి తుడుస్తున్న రామాంజులును పట్టుకున్నాను.

"ఏమ్రా, నీకు మనుషులు కనబడతారన్నమాట."

"ఎవురన్నారు కనబడరని?"

"మరి నన్నెందుకు వారం వారం సగానికి కోసినావు?"

వాడు గుడ్డ పిండుకుంటూ, "ఏ సగం కోసినానో చూసుకున్నావా అత్తా?" అన్నాడు. "చెయ్యి కాలి కట్టు కట్టుకున్న వారం చెయ్యి రానియ్యల్యా. జ్వరమొచ్చి మొహం పీక్కపోయిన వారం ముక్కు మటుకు తీసినా. నీ మొగుడు పోయిన దినమొస్తే కండ్లు ఉబ్బించుకోని నిలబడితివి, ఆ పొద్దు కొంగు తీసినా. మనిషిని నిండుగా పంపిస్తే ఇంటికాడ చిక్కిపోయినారని ఏడుస్తారు. బండిని పంపిస్తే ఏడవరు. నేను గూడా మా అమ్మకు బండినే పంపేది."

వాడి చేతిలో గుడ్డ లాక్కుని బండి అద్దం నేనే తుడిచాను. తుడుస్తూనే, "మరి నాగలక్ష్మి మోపెడ్ సంగతేందిరా?" అన్నాను.

"దాని స్టాండు విరిగిండాది. పడిపోకుండా ఆ పిల్ల నడుముకు ఆనించుకోని, ఏం కష్టం లేనట్టు నవ్వుతాంది. అది జూసే ఒప్పుకున్యా."

"ఆ మాట దానికి చెప్పి చావొచ్చు గదరా."

"చెప్తే మోపెడ్ మీద అలగడం మానేస్తాది అత్తా. మళ్ళా నా మీద అలుగుతాది."

ఫర్హా పరిగెత్తుకొచ్చి ఫోటో కావాలంది. చీర మార్చుకోలేదు. ఏప్రన్‌తోనే, ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో పిల్ల, లాండ్ క్రూజర్‌కు దూరంగా వంటింటి మెట్ల మీద నిలబడ్డాను. "ఈసారి మొత్తం రావాల" అని రామాంజులుకు గట్టిగా చెప్పాను. తీశాడు. ఫోన్ లాక్కుని చూశాను. చెవులు, మోచేతులు, ముక్కు, కాలిన మచ్చ, అన్నీ ఉన్నాయి. గరిటె కూడా నిండుగా ఉంది.

కింద కుడి మూలన మాత్రం నల్లగా, గుండ్రంగా ఏదో ఉంది.

"ఇదేందిరా?"

"టైరు అత్తా. కొత్తది. నిన్ననే వేసినా."

ఆ ఫోటో ఇప్పుడు రాయచోటిలో మా ఇంటి గోడ మీద ఉంది. చూసినవాళ్ళంతా మొదట గరిటెను చూస్తారట. నాగలక్ష్మికి కూడా పంపాను. వెంటనే ఫోన్ చేసింది. "బీబమ్మా, ఆ టైరు ఏ బండిది?"