భీమిలి వద్దన్న టీచరమ్మ

తడి సున్నం వాసన తగిలితే చాలు, నాకు సుగుణ టీచరమ్మ గుర్తొస్తుంది. నిన్న మా పక్కింటివాళ్లు గోడలకు వెల్ల వేయిస్తున్నారు. తొండుపల్లి మీదుగా విమానం దిగుతుంటే ఇంట్లో గిన్నెలు అదిరాయి. నేను కుట్టుమిషన్ ఆపి ఆ వాసన పీలుస్తూ కూర్చుండిపోయాను. కళ్లు వాటంతట అవే నిండాయి. ఇన్నేళ్లయినా ఈ దుఃఖం పాతబడలేదు.

తొంభైల్లో ఇక్కడ విమానాల ఊసే లేదు. శంషాబాద్ రోడ్డు పక్కన ఒక కిరాయి గదిలో టీచరమ్మ ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేది. ఆవిడది విశాఖ దగ్గరి భీమిలి, క్రైస్తవ కుటుంబం. అన్నదమ్ములతో మాటపట్టింపు వచ్చి ఒంటరిగా ఇటు వచ్చేసింది. నాకేమో చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. చంకలో కర్ర ఉండేది, నోటికి కారం ఎక్కువ. ఎవరైనా "అయ్యో పాపం" అన్నారంటే వాళ్ల పని అయిపోయినట్టే. మొదటిరోజు కాలితో తొక్కే మిషన్లు చూసి వెనక్కి తిరిగాను. టీచరమ్మ నావైపు చూడనైనా లేదు. "మొదట్లో అందరూ చేతిమిషన్ మీదే కుట్టాలమ్మా. చెయ్యి కుదిరాకే కాలు" అంది అందరికీ వినబడేలా. మిగతావాళ్లు గొణిగారు. అదేదో అక్కడి నియమమనుకుని నేను కూర్చున్నాను. మాకు ముందు నేర్చుకున్నవాళ్లకు అలాంటి నియమమే లేదని చాలాకాలం తర్వాత తెలిసింది. ఆవిడ మంచితనం ఎప్పుడూ మొండితనం వేషంలోనే వచ్చేది.

పని నేర్చుకున్నాక అందరం కలిసి సముద్రం చూసొద్దామనుకున్నాం. మాలో చూసినవాళ్లు ఒక్కరూ లేరు. భీమిలా, మచిలీపట్నం దగ్గరి మంగినపూడా అన్నది తేలలేదు.

"భీమిలే పోదాం టీచరమ్మా! ఆడ అలలు మనిషెత్తు లేస్తయంట. మంగినపూడిల ఏముంటది, బురద నీళ్లు" అంది షాద్‌నగర్ నుంచి వచ్చే అనసూయ.

నేనూ భీమిలికే చెయ్యెత్తాను. అలల కోసం కాదు. టీచరమ్మ వాళ్లమ్మ సమాధి అక్కడే ఉంది. తల్లి పోయిన కబురు ఆలస్యంగా అందడంతో ఆవిడ పిడికెడు మట్టి వేయడానికైనా వెళ్లలేకపోయింది. సమాధుల పండుగకు ఇక్కడివాళ్లంతా తమవాళ్ల సమాధులకు సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగిస్తుంటే ఆవిడ శ్మశానం గేటు దగ్గర నిలబడి చూసి వచ్చేసేది. "ఒక్కసారైనా అమ్మకు నా చేత్తో సున్నం వేయాలే యాదమ్మా" అనేది నాతో. అన్నదమ్ములున్న ఊరికి ఒంటరిగా పోలేకపోయినా, మేమంతా వెంట ఉంటే పోగలదని నా ఆశ.

"వద్దు, మంగినపూడికే వెళ్దాం. భీమిలి కెరటాలంటే నాకు భయం" అంది టీచరమ్మ.

"సముద్రం ఒడ్డున పుట్టి భయమేంది టీచరమ్మా!" అని అనసూయ అంటే అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది కానీ మాట మార్చలేదు.

మంగినపూడిలో నేల నల్లగా ఉంది. చాలా దూరం నడిచినా నీళ్లు మోకాళ్లు దాటలేదు. నేను ఒడ్డునే కూర్చోబోతే టీచరమ్మ నా కర్ర లాక్కుని అనసూయ చేతికిచ్చింది. నా నడుం చుట్టూ చెయ్యి వేసి నీళ్లలోకి నడిపించింది. చిన్న అల ఒకటి వచ్చి నా రెండు కాళ్లనూ తడిపింది. నేను పడలేదు. పసిపిల్లలా కేకలు పెట్టాను. భీమిలి ఎందుకు వద్దందో అప్పుడు అర్థమై ఒళ్లు మండింది.

"నాకోసమేనా ఈడికి తెచ్చింది? మీ అమ్మ సమాధి సంగతేంది మరి?" అని అడిగాను.

"నీకోసమని ఎవరన్నారే? నాకు భయమని చెప్పానుగా" అంది. నా నడుం మీది పట్టు బిగించి, "వచ్చే ఏడు వెళ్తాలే. అమ్మ ఎక్కడికీ పోదుగా" అంది.

టీచరమ్మే పోయింది. ఆ వానాకాలం కామెర్లు ముదిరి దవాఖానలో పడింది. చివరిరోజు నా చెయ్యి పట్టుకుని, "పెళ్లివాళ్ల జాకెట్లు ఇచ్చేశావా?" అని అడిగింది. ఇచ్చేసిన అన్నాను. సముద్రం మాట ఇద్దరం ఎత్తలేదు.

కొన్నేళ్లకు నేనే భీమిలి వెళ్లాను, సున్నం, కొవ్వొత్తులు పట్టుకుని. శ్మశానం కాపలాదారు, "ఎవరి సమాధమ్మా? పేరేటి?" అని అడిగాడు. టీచరమ్మ ఎప్పుడూ అమ్మ అనే అంది, పేరు చెప్పలేదు. వెతికి వెతికి, ఎవరూ పట్టించుకోని ఒక సమాధి మీద ఇసుక తుడిచి సున్నం వేశాను. ఆ తర్వాత ఒడ్డుకు వెళ్లాను. అలలు నిజంగానే మనిషెత్తు లేస్తున్నాయి. నడుం పట్టుకునే చెయ్యి లేదు, దూరంగా కూర్చుని ఏడ్చాను.

మా ఇంట్లో ఆ ఆచారం లేకపోయినా, ఏటా సమాధుల పండుగకు ఇక్కడున్న టీచరమ్మ సమాధికి నేనే సున్నం వేస్తాను. మిగిలిన సున్నం పక్కనున్న సమాధికి వేస్తాను. అది ఎవరిదో తెలియదు, దాని దగ్గరికి ఎవరూ రారు. వాళ్ల బిడ్డ కూడా ఏ ఊళ్లోనో, ఇంకెవరికోసమో ఆగిపోయి ఉంటుంది.