అక్క మోకాలికి నేనిచ్చిన అయిదు మిల్లీమీటర్లు

ఇరవై ఎనిమిదేళ్లుగా ఎక్స్‌రే గదిలో పని చేస్తున్నాను. మోకాలి ఫిల్మును వెలుగు పెట్టె మీద పెట్టి, రెండెముకల మధ్య సందెంతో స్కేలుతో కొలిచి చీటీ రాయడం నా విద్య. సందు తగ్గితే మోకాలు అరిగినట్టు. ఈ పనిలో నన్ను మించినవాడు లేడని అందరూ అనాలి. అనకపోతే నేనే అనేవాణ్ణి, ఆ విషయంలో నాకు మొహమాటం లేదు.

పోయినేడు మా అక్క వచ్చింది. ఆవిడ బట్టలు కుడుతుంది. మిషను తొక్కేటప్పుడు కుడి మోకాలు ప్రాణం తీస్తోందంది. నిలబడలేకపోతోందని జాలిపడి, బల్ల మీద పడుకోబెట్టి ఫిల్ము తీశాను. సందు అయిదు మిల్లీమీటర్లు వచ్చింది. నీకేం లేదు, నా మోకాలి కంటే నీదే నయమని నవ్వి పంపించాను. బావగారు నా చీటీని మిషను పక్క గోడకు అంటించారు. అక్క మూలిగితే చాలు, దాన్ని వేలు పెట్టి చూపించేవారు. కొన్నాళ్లకు ఆవిడ మూలగడం మానేసింది.

ఈమధ్య కొత్తగా వచ్చిన డాక్టరమ్మకు మా కొలతలు ఎంతవరకు నమ్మొచ్చో చూడాలనిపించింది. పాత ఫిల్ములు ముప్పై, పేర్ల మీద కాగితం అంటించి, నన్ను కొలవమంది. మూడు వారాలాగి అవే ఫిల్ములు వరస మార్చి మళ్లీ ఇచ్చింది. ఇదీ ఒక పరీక్షేనా అనుకుంటూ ఈల వేసుకుని కొలిచాను.

పన్నెండింటిలో నా కొలతకు నా కొలతే పొసగలేదు. వేరేవాళ్లతో పేచీ అయితే దబాయించొచ్చు. నాతో నాకే పేచీ వస్తే ఎవరిని దబాయించను? అయినా ఊరుకోకుండా స్కేలు పాతదన్నాను, ఫిల్ములు మారిపోయాయన్నాను. స్కేలు కాస్త పక్కకు జరిగినా అంకె మారుతుందని డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. అన్నిటికంటే ఎక్కువ తేడా వచ్చిన ఫిల్మును నా ముందు పెట్టింది. మొదటిసారి అయిదు రాశాను, రెండోసారి మూడు.

"ఇది పడుకోబెట్టి తీశారు కదండీ? కాలి మీద బరువు పడకపోతే సందు ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది."

కాగితం ఊడదీశాను. అక్క పేరు.

మర్నాడే అక్కను పిలిపించి, కమ్మీ పట్టుకుని నిలబడమని మళ్లీ తీశాను. డాక్టరమ్మ, నేను, ఒకరిది ఒకరికి చూపించకుండా రెండేసిసార్లు కొలిచాం. ఒక్కసారి కూడా ఒకటిన్నర దాటలేదు.

అక్క నాలుగు తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. కొత్త చీటీని చూసి, మెల్లగా అడిగింది.

"అయితే నాది నిజం నొప్పేనా?"

"నిజమేనక్కా."

"వేషాలు వేస్తున్నానేమోనని ఏడాదిగా నన్ను నేనే తిట్టుకున్నానురా."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లి, బావగారు చూస్తుండగా గోడ మీది చీటీని గోళ్లతో గీకాను. బాగానే అంటించారు. అయిదు అంకె ఊడింది గానీ, కింద నా సంతకం మాత్రం ఊడలేదు.