మూడు రాజులతో ఓడిన మధ్యాహ్నం

యుద్ధకాలంలో, నాకు పెళ్ళయిన ఆర్నెల్లకు, పుట్టింట్లో ఉన్న నా భార్యను తీసుకుపోదామని కడప నుంచి కోయిలకుంట్లకు వెళ్ళాను. బొగ్గుతో నడిచే బస్సు దారిలో రెండుసార్లు మొరాయించింది. ఆమె అక్కడికి వచ్చి అప్పటికే రెండు నెలలు. నాతో రావాలని ఉందో లేదో నాకు తెలియదు, అడగడానికి నోరు రాదు. బళ్ళో లెక్కల అయ్యవారినే గానీ ఆమె ఎదురుగా కూర్చుంటే మాట పెగిలేది కాదు.

వాళ్ళ అవ్వ మాత్రం నేను కాళ్ళు కడుక్కునే లోపే తేల్చేసింది.

“ఇంకో పది దినాలు ఉండనీప్పా. కాదంటావా, మూడు ముక్కలాటలో నన్ను గెల్చి పిల్చుకపో.”

అప్పటిదాకా అవ్వా మనవరాలూ వసారాలో నూనె కారే బొరుగుల ఉగ్గాణి తింటూ, ఒకే రకం ముక్కలు మూడేసి చేర్చి కింద పెట్టే ఆట ఆడుతున్నారు. ఆ ముక్కలను నేనే పోగుచేసి, తొందరగా రెండుసార్లు కలిపాను. ఒక్కొక్కటిగా కాకుండా మూడేసి ఒకేసారి పంచడం ఆ ఇంటి పద్ధతి. అలాగే పంచి, నావి ఎత్తి చూస్తే మూడు రాజులు!

అవ్వ తన ముక్కలు చూసుకుని పందెం పెంచింది.

“నేను గెలిస్తే శనక్కాయ పీకేదాకా ఈడనే ఉంటాది. సరేనా?”

నాకు నవ్వు ఆగలేదు. నన్ను కొట్టాలంటే మూడు ఆసులు పడాలి. మిగిలిన నలభై తొమ్మిది ముక్కల్లో మూడు తీసే విధాలు పద్దెనిమిది వేల నాలుగు వందల ఇరవై నాలుగు. అందులో మూడూ ఆసులే అయ్యేవి నాలుగు. అంటే నాలుగు వేల ఆరు వందల ఆరింటిలో ఒకటి! సరేనన్నాను.

అవ్వ మూడు ఆసులు కింద పెట్టింది.

నమ్మలేక వాటిని చేతిలోకి తీసుకున్నాను. ఒకదాన్ని ఎత్తితే మూడూ కలిసి లేచాయి. ఉగ్గాణి జిడ్డు! నాకు మూడు రాజులను విడిపోకుండా తెచ్చిన జిడ్డే అవ్వకు ఆసులనూ తెచ్చింది. అంత మంచి ముక్కలు నాకు పడ్డప్పుడే అవతల ఏం పడ్డాయోనని భయపడాల్సింది.

“పంచినోడివి నువ్వే గదప్పా” అంది అవ్వ.

అంతలో నా భార్య ఒక్కసారిగా లేచింది. ముఖం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు.

“రెండుసార్లేనా కలిపేది? పదిమార్లు కలపకూడదా? నేను పొద్దున్నే పెట్టె సర్దుకోనుండా!”

అని లోపలికి పోయి ధడాలున తలుపేసుకుంది. నేను అవ్వ ముందే వసారాలో గంతులేశాను. సిగ్గు పడలేదు.

సాయంత్రం బస్సులో ఒక్కణ్ణే మైదుకూరు దాకా నవ్వుతూనే ఉన్నాను. పక్క సీటాయన చూసి చూసి అడిగాడు.

“ఏమప్పా, శానా కుశాలగా ఉండావే?”

“పేకాటలో ఓడిపోయినానన్నా” అన్నాను.

ఆయన కొంచెం దూరం జరిగి కూర్చున్నాడు.