బ్యాటరీ పిన్ని వినే పద్ధతి

“మాటలొద్దు. అది ఎలా చప్పుడు చేస్తోందో నోటితో చేసి చూపించు. ఇక్కడ నవ్వేవాళ్ళెవరూ లేరు, మీ బాబాయి తప్ప” అంది బ్యాటరీ పిన్ని.

దర్జీ అటూ ఇటూ చూసింది. కొట్టు ముందు ఎవరూ లేరని రూఢి చేసుకుని, బుగ్గలు పూరించి, “బుడబుడబుడ” అంది.

“గ్లాసులోకి ఊదినట్టా? గిన్నెలో నీళ్ళు మరిగినట్టా?”

“మరిగినట్టే పిన్నీ. కుత... కుత... కుత.”

వెనక బల్ల మీద తీగలు అతుకుతున్న బాబాయి తలెత్తలేదు. “మొన్న ఒక పెద్దమనిషి అచ్చం తుమ్మెదలా గుయ్‌మన్నాడు. అది బ్యాటరీ కాదు, ఇన్వర్టర్ అని మీ పిన్ని చెప్పినా ఆపడే! బాగా కుదిరిందని ఇంకోసారి గుయ్‌మని మరీ వెళ్ళాడు” అన్నాడు.

ఆ చుట్టుపక్కల ఇన్వర్టర్ ఉన్న ప్రతి ఇంటికీ పిన్ని కావలసిన మనిషే. పెళ్ళయిన కొత్తలో ఆ కొట్టులో ఆవిడ పని నేల తుడవడం. యాసిడ్ చుక్కలు పడి చీర అంచులు జల్లెడవుతుంటే, ఎలాగూ చీరలు పోతున్నాయి, పనైనా వస్తుందని పీట వేసుకుని కూర్చుంది. బాబాయిది చెయ్యి, ఆవిడది చెవి. ఛార్జింగ్ నిండే ముందు కాసేపు బుడగలు రావడం మామూలేననీ, పూటంతా ఆగకుండా ఉడికితే మాత్రం జబ్బేననీ మీటరు పెట్టకముందే చెప్పేసేది.

దర్జీకి ఇవన్నీ అడిగి తెలుసుకోవడం సరదా. కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి వచ్చి, మిషన్ సంగతి మరిచి కూర్చున్న రోజులు చాలా ఉన్నాయి. ఈసారి మాత్రం మామగారి గురించి వచ్చింది. ఆయనకు నిద్రలో ఊపిరి సరిగా ఆడదు. ముక్కుకు మాస్కు తగిలించి, గాలి పంపే యంత్రం పెట్టుకుని పడుకోవాలి. కరెంటు పోతే ఆ యంత్రానికి బ్యాటరీయే దిక్కు.

“అయినా ఇప్పుడు గొడవ లేదులే పిన్నీ. నిన్నటి నుంచి చప్పుడు దానంతటదే ఆగిపోయింది. నీ చెవిన ఒక మాట వేసి పోదామని వచ్చాను.”

పిన్ని నవ్వు కూడా ఆగిపోయింది. “వేడిగా ఉందా?”

“చెయ్యి పెట్టి చూడలేదు. అవునూ, మా పిల్లి రోజూ దానికి ఆనుకునే పడుకునేది. నిన్నటి నుంచి ఆ మూలకే పోవడం లేదు.”

“లేవండి! కొట్టులో ఉన్న బ్యాటరీ బండెక్కించండి” అంది పిన్ని బాబాయితో. ఆయన అతుకుతున్న తీగ అలాగే వదిలేసి లేచాడు.

దర్జీ ఇంటి మెట్ల దగ్గరే కుళ్ళిన గుడ్ల వాసన కొట్టింది. పిన్ని ముందు కిటికీలన్నీ బార్లా తెరిచింది. ఇన్వర్టర్ ఆపి, గోడ దగ్గర ప్లగ్గు తీయించింది. చల్లారేదాకా వైర్ల జోలికి ఎవరినీ పోనివ్వలేదు. “ఆ గాలి చిన్న నిప్పురవ్వ కోసమే కాచుక్కూర్చుంటుంది” అంది.

“చప్పుడు ఆగిందిగా అమ్మా, మళ్ళీ కెలకడం ఎందుకు?” అన్నారు మామగారు మంచం మీంచి.

“బాగుపడి ఆగలేదు అన్నయ్యగారూ. ఉడకడానికి నీళ్ళు లేక ఆగింది.”

చల్లారాక మూతలు తీస్తే నిజంగా అంతే. నీళ్ళు దిగిపోయి లోపలి పలకలు బయటపడ్డాయి, డబ్బా పక్కలు ఉబ్బాయి. ముసలి బ్యాటరీ ఛార్జింగ్‌ను నిలుపుకోలేదు, ఇన్వర్టర్ మాత్రం కరెంటు పోస్తూనే ఉంటుంది. ఆ పోసినదంతా వేడిగా, బుడగలుగా మారి ఉన్న నీళ్ళు తినేస్తుంది. కింద నేల మీద తెల్లటి పాత మరక చూపించి, “ఇదేమిటి?” అంది పిన్ని.

దర్జీ తల దించుకుంది. “ఒకసారి మంచిదని మూతల దాకా నీళ్ళు పోశాం. ఛార్జింగ్ పెట్టగానే పొంగి కారింది. ఆ భయంతో మళ్ళీ ముట్టుకోలేదు.”

“వేడెక్కితే పొంగదూ మరి! పైన గీత ఉన్నది అందుకేగా. ఒకసారి ముంచారు, తర్వాత ఎండబెట్టారు. పాపం, అది మాత్రం ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది?”

బాబాయి తెచ్చిన బ్యాటరీ తగిలించి, ఇన్వర్టర్ వేసి, మామగారికి మాస్కు పెట్టించి, యంత్రం నడుస్తుండగానే మెయిన్ స్విచ్ ఆపాడు. ఇంట్లో అందరూ మామగారి వైపే చూశారు. యంత్రం ఒక్క క్షణం కూడా తడబడలేదు. మాస్కులోంచి గాలి సుయ్‌మంటూ వస్తూనే ఉంది. మళ్ళీ స్విచ్ వేశాక పిన్ని బ్యాటరీ మీదికి వంగి, చెవి పెట్టి, ఒక్కసారి కళ్ళు మూసుకుంది. తర్వాత లేచి, “ఏమంటోందే?” అని దర్జీనే అడిగింది.

వాళ్ళ పనిముట్ల సంచీ మోసుకుంటూ కొట్టు దాకా వెంట వచ్చింది దర్జీ. “నువ్వు విని కూడా నన్నెందుకు అడిగావు పిన్నీ?”

“వింటే అడుగుతానా? నాకు బుడగలు వినపడి ఎంత కాలమైందో! ఒకళ్ళింట్లో అది కుతకుతలాడుతుంటే నిక్షేపంగా ఉందన్నాను. అందరూ నా మొహం చూశారు. ఇంటికొచ్చి, ఇక కొట్టు గడప తొక్కనని ఏడుస్తూ కూర్చున్నాను. అప్పుడు ఈయన నా ఎదురుగా చతికిలబడి, ‘నా గొంతు వినపడుతోందిగా’ అని, అన్ని రకాల బ్యాటరీలూ నోటితో చేసి చూపించాడు.”

“గొంతు పోయింది, పెళ్ళాం దక్కింది” అన్నాడు బాబాయి లోపల్నించి.

ఇన్నాళ్ళూ ఆవిడ తమాషాకి అలా చేయిస్తోందనుకుంది దర్జీ. ఊళ్ళో వాళ్ళ నోళ్ళన్నీ తన చెవులుగా చేసుకున్న మనిషిని చూస్తూ అలాగే నిలబడిపోయింది.

“గుడ్లప్పగించింది చాల్లే. ఆ పెట్టినదీ కొత్తదేం కాదు. మీకు కొత్తది వచ్చేదాకా నిలబడాలి. ఛార్జింగ్ నిండే వేళవుతోంది. వెళ్ళి దాని పక్కన కూర్చుని విను, చెయ్యి ఆనించి చూడు. విన్నది విన్నట్టు వచ్చి చేసి చూపించు. ఏమీ వినపడలేదని మాత్రం ఇంట్లో కూర్చోకు. అప్పుడు కూడా వచ్చి, నోరు మూసుకుని నా ఎదురుగా నిలబడు.”