జీడిపిక్క యాప్‌కి వార్డెన్

మగ్దలీన మేడమ్‌కి తాళం వెయ్యడమంటే ప్రాణం. బీరువాకీ బియ్యం డ్రమ్ముకీ అంటే సరే, అందరూ వేస్తారు. ఆవిడ పెరట్లో కరివేపాకు మొక్క చుట్టూ కంచె కట్టించి, ఆ కంచెకి కూడా తాళం వేశారు. ఒకసారి మా చర్చిలో హార్మోనియం పెట్టెకి తాళం వేసి, తాళంచెవి ఎవరి చేతిలోనూ పడకూడదని భద్రంగా దాచారు. ఎంత భద్రంగా అంటే, ఎక్కడ దాచారో ఆవిడకే గుర్తు రాలేదు. ఆ ఏడు ఈస్టర్ ఆరాధన మొత్తం చప్పట్లతోనే నడిచింది.

ఉద్యోగమంతా టెక్కలిలో ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌గా చేసి రిటైరయ్యారు. రిటైరయిన మనిషి కాస్త నడుం వాల్చి విశ్రాంతి తీసుకుని ఉంటే నేనీపాటికి నిమ్మళంగా ఉండేవాణ్ణి. ఆవిడ వచ్చి నా నెత్తిన పడ్డారు.

పలాసలో మా సావుకారు ఢిల్లేశ్వరరావు గారికి జీడిపప్పు వ్యాపారం. పప్పు అమ్ముకుంటే డబ్బొస్తుంది గాని పేరు రాదని, ఫోన్లో వీడియోలు చూసుకునే యాప్ ఒకటి పెట్టారు. దాని పేరు 'జీడిపిక్క'. జీడిపిక్కని కొరికితే నోరు పొక్కుతుందని పలాసలో పాకే పిల్లకి కూడా తెలుసు. ఆ మాటే అంటే, "ఒకసారి కొరికినోడు మర్సిపోడు గదేటి!" అన్నారాయన.

మా పలాస చుట్టుపక్కల ఉద్దానం కుర్రాళ్ళు తీసే పొట్టి సినిమాలు, చర్చి పాటలు, జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథలు, అక్కుపల్లి నూకాలమ్మ వంటలు, అన్నీ అందులో ఉంటాయి. కొన్ని ఉచితం, కొన్నిటికి నెల చందా. మధ్యమధ్య ప్రకటనలు. వచ్చినదాంట్లో వీడియో తీసినవాళ్ళకి వాటా. ఏ వీడియో ఎవరికి తెరుచుకోవాలో, దేనికి చందా ఉండాలో, ప్రకటన ఎక్కడ రావాలో కంప్యూటర్‌లో సరిచేసే పని నాది. నా పేరు ప్రదీప్ కుమార్, మాది పూండి.

ఒక ఆదివారం పాస్టరుగారు కళ్ళు మూసుకుని "ప్రభువా, మా లోపలి భారాన్ని తొలగించుము" అని ప్రార్థిస్తున్న వీడియోలో, సరిగ్గా ఆ మాట దగ్గర, "కడుపుబ్బరమా? గ్యాసా?" అంటూ ఒక ప్రకటన దూరింది. మర్నాడు చర్చి సంఘం పెద్దలంతా మా ఆఫీసు మెట్లెక్కారు. సావుకారు చేతులు జోడించి, ఇకమీద ఇలాంటివి చూసుకోడానికి ఒక కఠినమైన మనిషిని పెడతానని మాటిచ్చారు. కఠినమైన మనిషి అనగానే పెద్దలందరి నోటా ఒకటే పేరు వచ్చింది.

వచ్చిన రోజున మేడమ్ కళ్ళజోడు సర్దుకుని నా కంప్యూటర్‌లోకి తొంగి చూశారు.

"దీనికి గేటెక్కడుంది నాయనా?"

"గేటుండదు మేడమ్. ప్రతి వీడియో పక్కనా ఈ చిన్న తాళం బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే మూసుకుంటుంది."

"ప్రతి దాని పక్కనా ఉంటాదా?"

ఆ అడగడంలో ఉన్న ఆనందం చూసి నేను జాగ్రత్త పడి ఉండాల్సింది. మధ్యాహ్నం టీ తాగి వచ్చేసరికి జీడిపిక్కలో ఒక్క వీడియో కూడా తెరుచుకోవడం లేదు.

"ముందు అన్నీ మూసీసినాను. ఇప్పుడు ఒక్కొక్కటీ సూసి వదుల్తాను. హాస్టల్లో పిల్లల్ని చేర్చుకున్నట్టే," అన్నారు.

మొదటి రూలు వేళ గురించి. రాత్రి తొమ్మిదిన్నరకి యాప్ మొత్తం బందు. లోకంలో ఎక్కడైనా రాత్రయితేనే జనం వీడియోలు చూస్తారని ఎంత మొత్తుకున్నా వినలేదు. "రాత్రి పడుకోవాల. పడుకోనోడు పొద్దున్న లేవడు" అన్నారు. గుజరాత్‌లో వేరావల్ రేవులో బోట్ల మీద పనిచేసే మనవాళ్ళు వేట నుంచి వచ్చేదే ఆ వేళకి. వాళ్ళు సావుకారుకి ఫోన్ల మీద ఫోన్లు. చివరికి మేడమ్ ఒక మెట్టు దిగి, ఊరు విడిచి పనికెళ్ళిన వాళ్ళకి మాత్రం, హాస్టల్లో బయటికెళ్ళే పిల్లలకి ఇచ్చినట్టు, ఔట్ పాస్ ఇవ్వమన్నారు. ఔట్ పాస్ అనేది ఏ యాప్‌లోనూ లేదు. కూర్చుని తయారుచేసింది నేను.

రెండో రూలు ప్రకటనల గురించి. ఎవరైనా ప్రార్థన చేస్తున్నా, ఏడుస్తున్నా, అన్నం తింటున్నా మధ్యలో ప్రకటన రాకూడదు. మన సినిమాల్లో ఈ మూడూ తీసేస్తే మిగిలేది పేర్లు వేసే భాగం ఒక్కటే. అందుకని ప్రకటనలన్నీ మొదట్లోకి తోసేశారు. కాశీబుగ్గలో ఫ్యాన్లు అమ్మే పాపారావు లబోదిబోమంటూ వచ్చాడు.

"మొదట్లో ఏస్తే ఎవడు సూత్తాడు మేడమ్? ఏడుపు సీనులో ఏస్తే కదలకుండా సూత్తారు!"

"సినిమాలో ముసల్ది సచ్చిపోతంటే పక్కన నిలబడి ఫ్యాను అమ్ముకుంటావేట్రా?"

"గాలి ఆడక సచ్చిపోతంది గదా మేడమ్! ఫ్యానుంటే..."

"బయటికి నడు."

పాపారావు వెళ్ళాక సావుకారు చాలాసేపు నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను.

ఇక పొట్టి సినిమాలు తీసే సంజయ్ అనే కుర్రాడి సినిమా సంగతి. పాపం, రెండేళ్ళు కష్టపడి తీశాడు. జీడితోటలో హీరో హీరోయిన్ల మొహాలు దగ్గరకొస్తాయి, అంతలో కెమెరా పక్కకి తిరిగి ఒక ఉడతని చూపిస్తుంది. మేడమ్ అక్కడ ఆపారు.

"కెమెరా ఉడత మీదికి ఎందుకు తిరిగినాది?"

"సింబాలిక్ మేడమ్."

"ఉడత మంచిదే. కెమెరా ఉడతని సూపిస్తంటే ఆళ్ళేటి సేసినారు?"

ఆ సినిమాకి 'పెళ్ళైనవాళ్ళకి మాత్రమే' అని తాళం పడింది. చూడాలంటే పెళ్ళిఫోటో పంపాలి. హీరోగా చేసిన త్రినాథ్ బ్రహ్మచారి. తన సినిమా తనకే తెరుచుకోవడం లేదని ఏడుపు మొహంతో వచ్చాడు.

"నటించింది నేనే గదా మేడమ్!"

"నటించడం నీ ఇష్టం నాయనా. సూడ్డానికి మాత్రం నేను ఒప్పుకోవాల."

ఆ వారమంతా నాకు ఉద్దానంలోని పెళ్ళిఫోటోలన్నీ వచ్చిపడ్డాయి. ఒక పెద్దాయన వేర్వేరు పెళ్ళిళ్ళవి రెండు పంపి, తను రెండుసార్లు చూడొచ్చా అని అడిగాడు. మేడమ్ ఆయనకి శాశ్వతంగా తాళం వేయించారు.

ఇన్ని జరిగినా సావుకారు ఓర్చుకున్నారు. ఆయన ఓర్పు తెగింది నూకాలమ్మ దగ్గర.

నూకాలమ్మ అక్కుపల్లిలో సముద్రం ఒడ్డునే కట్టెల పొయ్యి పెట్టి వండుతుంది. ఆవిడ చేసిన ఎండు నెత్తళ్ళ చేపల వేపుడు వీడియో ఒక్కసారిగా ఊళ్ళన్నీ పాకింది. నూనెలో నెత్తళ్ళు చిటపటలాడుతుంటే ఫోన్లోంచి వాసన వస్తున్నట్టే ఉండేది. జీడిపిక్క పుట్టాక మొదటిసారి సావుకారు నవ్వడం చూశాను. ఆ నవ్వు ఉండగానే ఫిర్యాదులు మొదలయ్యాయి. వజ్రపుకొత్తూరు చుట్టుపక్కల కొంతమందికి, చందా కట్టినవాళ్ళకే, ఆ ఒక్క వీడియో తెరుచుకోవడం లేదు. వెతికితే, వాళ్ళ ఫోను నెంబర్లు పెట్టి ఒక్కొక్కరికీ విడివిడిగా తాళాలు వేసి ఉన్నాయి. వేసింది ఎవరో చెప్పాలా?

"ఎందుకు మేడమ్?" అని అడిగాను.

"నా రూలు."

"ఏ రూలు?"

"నీకు అక్కర్లేని రూలు."

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. గోడకి కూడా తాళం వేస్తారేమోనని ఆగాను.

అలా తాళం పడినవాళ్ళలో బంగారయ్య ఒకడు. వజ్రపుకొత్తూరులో కొబ్బరితోట ఉన్న మనిషి. ఒకనాడు భార్య ధనమ్మని వెంటబెట్టుకుని నేరుగా ఆఫీసుకి వచ్చేశాడు. సావుకారూ అక్కడే ఉన్నారు.

"డబ్బు కట్టినోణ్ణి బాబూ! పక్కింటోడి ఫోన్లో వత్తాది, నా ఫోన్లో తాళంకప్ప వత్తాది. నానేటి దొంగనా?" అని అరిచాడు.

మేడమ్ తల కూడా ఎత్తలేదు. "నువ్వు సూడ్డానికి లేదు."

"ఎవులి కోసం ఎట్టినావమ్మా ఈ రూలు?"

"నీ కోసమే."

బంగారయ్య రొప్పుతూ మేడమ్‌ని, మేడమ్ పుట్టిన ఊరిని, జీడిపిక్కని, జీడిచెట్లని వరసగా తిట్టి, ఆటో పిలుస్తానని కిందికి దిగిపోయాడు. ధనమ్మ తలొంచుకుని వెనకాలే వెళ్ళింది.

సావుకారు లేచి నిలబడ్డారు. "ప్రదీపూ, ఆ తాళాలన్నీ తీసీ. ఇప్పుడే. మేడమ్ గారూ, రేపట్నుంచి మీరు రానక్కర్లేదు."

అబద్ధం ఎందుకు, నా ప్రాణం లేచొచ్చింది. కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను. అంతలో గుమ్మంలో ధనమ్మ.

"సంచి మర్సిపోయినానని సెప్పి వచ్చినాను," అంది. చేతిలో సంచి ఉండనే ఉంది. "ఆ తాళం తియ్యకండి బాబూ. అది నానే ఏయించినాను."

మేడమ్ విసుక్కున్నారు. "నువ్వు కిందికెళ్ళు ధనమ్మా."

"లేదు మేడమ్, సెప్తాను. మా ఆయనకి కిడ్నీలు పోనాయి బాబూ. పలాస ఆసుపత్రిలో డయాలసిస్ సేత్తన్నారు. ఉప్పు ముట్టొద్దు, ఎండుచేప ఊసే ఎత్తొద్దు అన్నాడు డాక్టరు. ఈ నూకాలమ్మ వీడియో వచ్చిన కాణ్ణించి సూసిందే సూత్తాడు. సూసి, వండమంటాడు. వండనంటే కంచం తోసెత్తాడు. ఓనాడు నాను తోటకెళ్తే తనే వండుకుని తినీసినాడు. ఊపిరాడక కొట్టుకుంటంటే ఆటోలో ఏసుకుని వచ్చినాము." కొంగుతో మొహం తుడుచుకుంది. "నాను టెక్కలి హాస్టల్లో మేడమ్ దగ్గర పెరిగిన పిల్లని. ఎవులికి సెప్పుకోవాలో తెలీక మేడమ్‌కే ఫోను సేసినాను. నాలాటోళ్ళు ఇంకా ఉన్నారు. అందరికీ ఇలాగే ఏసినారు."

నేను కీబోర్డుని వెనక్కి తోసేశాను. సావుకారు కుర్చీలో కూలబడ్డారు.

"నాకొక్క ముక్క సెప్పొచ్చు గదా మేడమ్ గారూ?"

"నీకు సెప్తే నువ్వు ఇంకోడికి సెప్తావు. ఆ ఇళ్ళల్లో పెళ్ళికెదిగిన పిల్లలున్నారు. ఇంట్లో జబ్బుందంటే వచ్చే సంబంధాలు వెనక్కెళ్ళిపోతాయి. ఇకపోతే, తాళం పెళ్ళాం వేయించిందని తెలిస్తే ఆ తిట్లన్నీ ఎవరి మీద పడతాయి? ఈ పిల్ల మీద. నన్ను తిట్టుకోనీ. హాస్టల్లో అంతమంది పిల్లలు తిట్టినారు, నేనేమైనా తరిగిపోయినానా?"

కింద నుంచి "ఒలే ధనమ్మా, సంచి దొరికినాదా నేదా?" అని కేక వినిపించింది. ధనమ్మ గబగబా దిగిపోయింది. సావుకారు మేడమ్ వైపు తిరిగి, "పోనీ, ఆళ్ళ చందాలు వెనక్కిచ్చీద్దామేటి?" అన్నారు.

"డబ్బు చేతిలో పెట్టి పొమ్మంటావా? ఆళ్ళు సూసుకోడానికి ఏదైనా పెట్టు," అన్నారు మేడమ్. రేపట్నుంచి రానక్కర్లేదన్న మాటని ఆయనా మళ్ళీ ఎత్తలేదు, ఆవిడా విన్నట్టు లేదు.

మర్నాడు మేడమ్ ఉప్పు లేని వంట వీడియో తీయించడానికి నన్ను వెంటబెట్టుకుని అక్కుపల్లి వెళ్ళారు. ఆసుపత్రిలో పథ్యం గురించి చెప్పే అమ్మాయి ఫోన్లో ఉంది. ఏది ఎంత వెయ్యొచ్చో, ఎంత తినొచ్చో ఆ అమ్మాయి చెప్తుంటే నూకాలమ్మ మొహం వాడిపోయింది.

"ఉప్పు నేకుండా చేపా! చేపలే నవ్వుతాయి మేడమ్! నా పరువేటి కావాల?"

"నవ్వనీ. వండు."

మొదటిసారి వండింది మేడమ్ రుచి చూసి, ఏమీ అనకుండా కుక్కకి పెట్టారు. కుక్క కూడా ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. రెండోది నా చేత తినిపించారు. దాని గురించి మాట్లాడకపోవడమే మంచిది. దాంతో నూకాలమ్మకి రోషం వచ్చింది. అప్పుడే వలలోంచి తీసిన పచ్చిచేప తెప్పించి, చిన్న ముక్క కోసి, వెల్లుల్లి, మిరియం, నాలుగు చుక్కల నిమ్మరసంతో ఏదో మాయ చేసింది. మేడమ్ ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు. "ఊఁ, పాసయినావు," అన్నారు. నూకాలమ్మ చిన్నపిల్లలా ఎగిరి గంతేసింది.

ఆ వీడియోకి చందా లేదు, ప్రకటన లేదు. తాళం పడినవాళ్ళ ఫోన్లలో మాత్రమే తెరుచుకోవాలన్నారు మేడమ్. అందరికీ పెడితే అది రోగుల కూర అయిపోతుందట, అప్పుడు ఎవరూ ముట్టరట. నేను ఎదురు చెప్పలేదు. కూర్చుని అలాగే చేశాను.

పది రోజులకి ధనమ్మ ఫోన్ చేసింది. బంగారయ్య టీకొట్టు దగ్గర కూర్చుని వచ్చినవాడికల్లా ఫోను చూపించి, "నూకాలమ్మ స్పెషలు. ఇది అందరికీ రాదురా. నాలాటోళ్ళకే వత్తాది. పెద్ద ఆఫీసరమ్మతో దెబ్బలాడి ఏయించుకున్నాను," అంటున్నాడట. ఇంటికొచ్చి ఆ చిన్న చేపముక్కనే రాజుగారి భోజనంలా తింటున్నాడట. ధనమ్మ నవ్వుతూనే చెప్పింది.

ఆ వారంలోనే బంగారయ్య పక్కింటి దానయ్య మా మెట్లెక్కి వచ్చాడు. గట్టి మనిషి, కొబ్బరికాయల బస్తాలు ఒంటిచేత్తో ఎత్తుతాడు. వస్తూనే బల్ల గుద్దాడు.

"నెలనెలా నానూ డబ్బు కడతన్నాను! బంగారయ్య ఫోన్లో వచ్చే వంట నా ఫోన్లో ఎందుకు రాదు? ఆడికున్నదేటి? నాకు తక్కువేటి?"

మేడమ్ కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, అతన్ని తల నుంచి పాదాల దాకా తృప్తిగా చూశారు.

"నీకేటీ తక్కువ లేదు నాయనా. అందుకే రాదు," అన్నారు.