మా నల్లదాని బోసికాళ్ళు

మా అత్తగారింట్లో కాళ్ళు కడిగించుకునే భాగ్యం నల్లదానికి ఒక్కదానికే ఉండేది. నల్లదంటే మా గుర్రం. పెళ్ళికొడుకుల్ని ఎక్కించుకుని బరాత్‌లకు వెళ్ళే గుర్రం. బోరబండలో ఇంటి వెనక రేకుల షెడ్డు దాని ఇల్లు, హైటెక్ సిటీ ఫంక్షన్ హాళ్ళు దాని ఆఫీసు. నా ఆఫీసూ ఆ పక్కనే. కూకట్‌పల్లిలో పెరిగిన కోస్తా వాళ్ళమ్మాయిని నేను. ప్రేమించి ఆ ఇంటికి కోడలిగా వెళ్ళేదాకా గుర్రాన్ని దగ్గర్నుంచి చూసిందే లేదు.

ప్రతి శుక్రవారం అత్తయ్య పసుపునీళ్ళతో దాని గిట్టలు కడిగి బొట్లు పెట్టేది. "గీ కాళ్ళే మనకు బువ్వ పెడుతున్నయ్ బిడ్డా" అనేది. నాకు నవ్వొచ్చేది, కానీ ఆవిడ ముందు నవ్వే ధైర్యమేదీ!

ఒక ఏడాది నల్లది కుంటడం మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి లాడాలకు మేకులు కొట్టీ కొట్టీ గిట్టల అంచులు పెచ్చులూడిపోయాయి. ఇక మేకు పట్టే చోటే లేదు. పశువుల డాక్టరు లాడాలన్నీ తీయించేశాడు. "కొన్నాళ్ళు ఉత్త కాళ్ళతోనే ఉండనివ్వండి, గట్టి గిట్ట పెరుగుతుంది. ముందు మెత్తటి నేలమీద తిప్పండి, మెల్లగా రోడ్డు అలవాటు చేయండి" అన్నాడు.

ఈ సంగతి తెలియగానే వాడకట్టంతా మా గుమ్మంలోనే. నల్లగుర్రం లాడం ఇంట్లో ఉంటే శని దగ్గరికి రాదట. "అక్కా, నాకొకటియ్యవా?" అని ఒకటే బతిమాలడం. అత్తయ్య ఎవరికీ ఇవ్వలేదు. "దాని చెప్పులు దానికే ఉండనీ" అని తీసి దాచిపెట్టింది.

మా ఆయనకు మాత్రం వేరే దిగులు. "పెండ్లిళ్ళ సీజన్ దాకా చూస్త. అప్పటికి రోడ్డు మీద నడవకుంటే అమ్ముడే. సామాన్ల బండికి కడతమని ఒకాయన అడుగుతుండు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "అమ్మేయడానికి అదేమన్నా పాత స్కూటరా?"

"మరి మీ ఆఫీస్ క్యాంటీన్‌ల మేపుతవా?"

ఆ కోపంలోనే రోజూ పొద్దున్నే ఆఫీసుకు ముందు నేనే తాడు పట్టుకుని దాన్ని తిప్పడం మొదలుపెట్టాను. ఇసుక పోసిన ఖాళీ ప్లాటులో బాగానే నడిచేది. మా గల్లీలో పరిచిన కంకర దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగిపోయి, ఒక కాలు ఎత్తి నావైపు చూసేది. నెలలు గడిచినా అదే తంతు. బండాయన సీజన్ దాకా ఆగలేనని, ఆదివారం వచ్చి తోలుకెళ్తానని కబురు పెట్టాడు.

నేను ఉండబట్టలేక మళ్ళీ డాక్టర్ని పిలిపించాను. ఆయన గిట్టను బొటనవేలితో నొక్కి చూశాడు. "ఇంత మెత్తగా ఉందేంటి? షెడ్డులో తడుందా?" అన్నాడు. షెడ్డు ఎండిపోయి ఉంది. అత్తయ్య మెల్లగా ముందుకొచ్చింది.

"బోసికాళ్ళు మండుతయని, పాపం, పొద్దుమాపు పసుపునీళ్ళల్ల నిలవెడుతున్న సార్."

"అయ్యో, రోజూ నానితే గట్టిపడేదెట్లా అమ్మా? ఎండనివ్వాలి" అన్నాడు డాక్టరు. కోప్పడనైనా లేదు.

అత్తయ్య మొహం వాడిపోయింది. "అంటే నా చేతుల్తోనే దాన్ని కుంటిదాన్ని చేస్తినా?" అంది. ఆ పూట అన్నం ముట్టలేదు. మా ఆయన ఆమెను చూసి, బండాయనకు ఫోన్ చేసి సీజన్ దాకా ఆగమన్నాడు.

ఆ రోజు నుంచి అత్తయ్య షెడ్డు వైపే వెళ్ళలేదు. వెళ్తే చేతులు ఊరుకోవని భయం. సాయంత్రం కాగానే నల్లది సకిలించేది, ఈవిడ టీవీ సౌండు పెంచేది.

సీజన్ దగ్గరపడింది. ఒక సెలవురోజు సాయంత్రం నల్లదాన్ని తిప్పి తీసుకొస్తున్నాను. కంకరకు అవతల, మా మెట్లమీద అత్తయ్య చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది. నల్లది చూసింది. నా చేతిలోంచి తాడు ఒక్క గుంజు గుంజింది. కంకర మీద నుంచే, ఎక్కడా ఆగకుండా, కుంటకుండా వెళ్ళి ఆవిడ ఒళ్ళో తల పెట్టేసింది. చిక్కుడుకాయలన్నీ కిందపాలు.

గుమ్మంలో నిలబడ్డ మా ఆయన ఫోన్ తీశాడు. "అన్నా, గుర్రం అమ్ముతలేమే. ఫికర్ చెయ్యకు, ఇంకోటి చూస్కో" అన్నాడు.

అత్తయ్య అదేమీ వినలేదు. వంగి, గిట్టమీది దుమ్మును కొంగుతో తుడవబోయి చటుక్కున ఆగింది. ఆ కొంగును పైకెత్తి నాకు చూపించింది.

"తడి లేదు బిడ్డా, చూడు. ఉత్త కొంగే. తుడువనా?"